మిద్దె మీది అడీనియాన్ని వర్ణించి, వర్గీకరించడం ఎట్లా?

తిరుపతి ఎండకు అడీనియం అంత హాయిగా బతికే కుండీ మొక్క ఇంకోటి లేదు. మే నెలలో మిద్దె మీద కాలు మోపలేనప్పుడు కూడా అది విరగబూసి ఉంటుంది. కోతులు వచ్చి మా మందారాలను చిందరవందర చేసి పోతాయి గానీ దీని జోలికి రావు. బైరాగిపట్టెడలో మా వీధిలో చూడండి, చాలా మిద్దెల మీద ఇదే. ఇంతమంది పెంచుతున్నారు కదా, దీని ఆకులు కొమ్మకు ఏ వరసలో ఉన్నాయో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మా మేనకోడలు బీఎస్సీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం ఏదైనా ఒక మొక్కను వర్ణించి, వర్గీకరించాలని వచ్చింది. అడీనియం చూపించాను. ఫోన్లో ఫొటో తీసింది, పేరు వచ్చేసింది. "పేరు తెలిసిపోయింది కదత్తా, ఇంక రాసేదేముంది?" అంది. ఆ పేరు పక్కన పెట్టి, పేరు తెలియని మొక్క అనుకుని మొదలుపెట్టమన్నాను. పేరు ముందే మనసులో ఉంటే కంటికి కనిపించింది రాయం, ఎక్కడో చదివింది రాస్తాం. ఈ పద్ధతి అడీనియంతో పాటు మీ పెరట్లోని ఏ మొక్కకైనా పనికొస్తుంది. కాకపోతే అడీనియంతో మొదలుపెడితే ఒక సౌకర్యం ఉంది. దాని చుట్టాలన్నీ మన ఊళ్ళోనే ఉన్నాయి, పోల్చి చూసుకోవచ్చు.

అసలు ఊరు మాత్రం ఇది కాదు. ఆఫ్రికాలో సెనెగల్ నుంచి సూడాన్, ఇథియోపియా, సోమాలియా, కెన్యా, టాంజానియా దాకా, ఎర్ర సముద్రం అవతల యెమెన్, ఒమన్, సౌదీ అరేబియాల్లో రాతి నేలల్లో, ఎండు తుప్పల మధ్య పెరిగే పొద. అక్కడ ఒకటి నుంచి మూడు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. మన కుండీల్లో అంత ఎత్తు రాదు. అందుకే ఎత్తు రాసేటప్పుడు "కుండీలో" అన్న మాట తప్పకుండా చేర్చండి.

ముందు మొక్కను ఎంచుకోవాలి. సగం పని చెడేది ఇక్కడే. నర్సరీల్లో ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం అంటు కట్టినవి. కింద లావుపాటి మొదలు ఒక మొక్కది, పైన పూసే కొమ్మ ఇంకో మొక్కది. మొదలు చూసి ఒక వాక్యం, పువ్వు చూసి ఒక వాక్యం రాశారంటే రెండు మొక్కలను కలిపి ఒక్కటిగా వర్ణించినట్టే. కొమ్మ మొదట్లో వేలు పెట్టి తడిమి చూడండి. అంటు కట్టిన చోట అడ్డంగానో కోణంగానో ఒక మచ్చ ఉంటుంది, దానికి కిందా పైనా తొక్క రంగు తేడాగా ఉంటుంది. అట్లాంటిది వద్దు. ముద్దపూల రకాలు కూడా వద్దు. వాటిలో రేకులు రెండు మూడు వరసలు ఉంటాయి, లోపలి భాగాలు అసలు రూపంలో ఉండవు, లెక్క తప్పుతుంది. గింజ నుంచి పెరిగిన, ఐదే రేకులున్న ఒంటి పువ్వు మొక్క కావాలి. చూడ్డానికి సాదాగా ఉంటుందని నర్సరీలో వెనక వరసలో పెడతారు, ధర కూడా తక్కువే.

కాలం విషయానికొస్తే, మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తడికీ తర్వాత వచ్చే చలికీ ఇది ఆకులు రాల్చేసి మోడులా నిలబడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా పూల కాలం. అప్పుడు మొదలుపెట్టండి. పొద్దున్నే చేస్తే మీకూ సుఖం, పువ్వూ వాడకుండా ఉంటుంది. ఒక స్కేలు, మొదలు చుట్టుకొలతకు కాస్త దారం, కొత్త బ్లేడు, రెండు సూదులు, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, తెల్ల కాగితం ఉంటే చాలు.

చేతి తొడుగులు మరిచిపోవద్దు. ఈ మొక్క రసంలో గుండె మీద పనిచేసే గ్లైకోసైడులు అనే విషాలు ఉన్నాయి. టాంజానియాలో హడ్జా వేటగాళ్ళు ఈ రసాన్ని కాచి చిక్కబరిచి బాణాల మొనలకు పూస్తారు. గన్నేరు విషం సంగతి మన ఊళ్ళలో ఎవరికీ చెప్పక్కరలేదు కదా, ఇది దాని దగ్గరి చుట్టమే. కోసిన చేతితో కళ్ళు నలుపుకోకండి, పని అయ్యాక బ్లేడు సబ్బుతో కడగండి, తుంచిన ముక్కలు ఆవులు తిరిగే చోట పారేయకండి.

ఇక వర్ణన. కింది నుంచి పైకి పోవాలి: మొదలు, కొమ్మ, ఆకు, పూగుత్తి, పువ్వు, కాయ, గింజ. ఈ వరస తప్పించి పువ్వు బాగుందని పువ్వుతో మొదలుపెడితే ఆకు దగ్గరకొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. నా దగ్గర చదివిన పిల్లలందరిదీ ఇదే వరస.

మొదలు లావుగా ఉబ్బి నీళ్ళు దాచుకుంటుంది. దారంతో చుట్టుకొలత తీసుకోండి. ఒక జాగ్రత్త ఉంది. అందంగా కనపడాలని మట్టి మార్చినప్పుడల్లా మనం మొక్కను కాస్త పైకి లేపి నాటుతాం, అట్లా లోపలి వేర్లు కూడా బయటపడి మొదలులో కలిసిపోయి కనిపిస్తాయి. అందుకని "మొదలు ఉబ్బి ఉంది, పై వేర్లు లావుగా బయటికి ఉన్నాయి" అని రెండూ విడివిడిగా రాయాలి. తొక్క బూడిద రంగులో నున్నగా ఉంటుంది. లేత కొమ్మను కాస్త గీరితే రసం వస్తుంది. జిల్లేడుకు వచ్చినంత చిక్కటి పాలు కావు, పలచన. ఎంత తెల్లగా ఉంది, ఎంతసేపటికి ఆరింది అన్నది చూసింది చూసినట్టు రాయండి.

ఆకు దగ్గర కాసేపు ఆగాలి. పైనుంచి చూస్తే ఆకులన్నీ కొమ్మ చివర ఒకే చోట గుత్తిగా పుట్టినట్టు ఉంటాయి. చక్రీయ పత్రవిన్యాసం అని చాలామంది రాసేస్తారు. అది గన్నేరుకు సరిపోతుంది. గన్నేరులో ఒకే కణుపు నుంచి మూడేసి ఆకులు వస్తాయి. అడీనియంలో ఏం జరుగుతోందో ఆకులున్న చోట తెలియదు, ఆకులు రాలిన చోట తెలుస్తుంది. కొమ్మ మీద గుత్తికి కాస్త కిందికి చూడండి. రాలిన ఆకుల మచ్చలు ఒక్కొక్కటిగా, ఒకదానికన్నా ఒకటి కొంచెం పైన, కొమ్మ చుట్టూ తిరుగుతూ పోతాయి. సూది మొనతో ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకు పోతే కొమ్మను చుట్టేస్తారు. అంటే ఆకులు ఒంటరిగా, సర్పిలంగా ఉన్నాయన్నమాట. కణుపులు మరీ దగ్గర పడటంతో గుత్తిలా కనిపించింది, అంతే. నందివర్ధనంలో ఆకులు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి, దేవగన్నేరులో మళ్ళీ ఇట్లాగే సర్పిలం. ఒకే కుటుంబంలో మూడు పద్ధతులూ ఉన్నాయి కాబట్టి ఆకు వరస ఒక్కటే చూసి కుటుంబం చెప్పడానికి లేదు.

ఆకు కొలవడానికి ఒక్క ఆకు చాలదు. మరీ లేతవీ, పండిపోయినవీ వదిలేసి గుత్తి మధ్యవి కొన్ని తీసుకుని, అన్నిటికన్నా చిన్నదాని కొలతా పెద్దదాని కొలతా రెండూ రాయాలి. పత్రవృంతం, అంటే ఆకు కాడ, పొట్టిది, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. పత్రదళం, అంటే ఆకు వెడల్పు భాగం, మొదట్లో సన్నం, కొన వైపు వెడల్పు. అంచు ఎక్కడా తెగదు. కొన గుండ్రంగా ఉండి నడుమ చిన్న ములుకు ఉంటుంది, ఒక్కో ఆకుకు కొన కాస్త నొక్కుకుపోయి కూడా ఉంటుంది. పైన నిగనిగ ఉందా, కింద నూగు ఉందా అన్నది భూతద్దం పెట్టి చూడాలి. జాతులను వేరు చేసేటప్పుడు ఈ నూగు పనికొస్తుంది.

పువ్వు కన్నా ముందు మొగ్గ. రేపు విచ్చుకుంటుందనిపించే మొగ్గను పైనుంచి చూడండి. రేకులు ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి మెలితిరిగి ఉంటాయి. మెలితిరిగిన పుష్పరచన అంటాం. మెలి ఏ దిక్కుకు తిరిగిందో రాసుకోండి, మొగ్గను ఏ వైపు నుంచి చూశారో కూడా రాసుకోండి, ఎందుకంటే లోపలి నుంచి చూస్తే దిక్కు తారుమారు అవుతుంది. తర్వాత గన్నేరు మొగ్గ, నందివర్ధనం మొగ్గ, బిళ్ళగన్నేరు మొగ్గ తెచ్చి పక్కన పెట్టండి. అడీనియం, గన్నేరు ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి. నందివర్ధనం, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు రెండో దిక్కుకు. రోజూ పూజకు కోసే పూలే, ఈ తేడా ఎప్పుడైనా గమనించారా?

విచ్చిన పువ్వుకు అడుగున ఐదు చిన్న రక్షక పత్రాలు. ఆకర్షక పత్రాలు, అంటే రేకులు, ఐదూ కలిసిపోయి గొట్టంగా ఉంటాయి. గొట్టం అడుగున సన్నం, తర్వాత ఒక్కసారిగా వెడల్పయి గరాటులా తెరుచుకుంటుంది. రంగు అంచు దగ్గర ముదురు గులాబీ, లోపలికి పోయేకొద్దీ తెలుపు. గొంతులో ఎర్రటి గీతలు ఉన్నాయా లేవా అన్నది తప్పకుండా రాయాలి. గన్నేరు పువ్వు గొంతులో చీలికలు చీలికలుగా ఒక కుచ్చు లేచి ఉంటుంది, చూసే ఉంటారు. అట్లాంటి కుచ్చు దీంట్లో కనిపించదు.

ఇప్పుడు బ్లేడుతో గొట్టాన్ని నిలువునా ఒక పక్కన చీల్చి, తెల్ల కాగితం మీద పరిచి సూదులతో ఆపండి. సన్నటి భాగం అయిపోయి గరాటు మొదలయ్యే చోట ఐదు కేసరాలు గొట్టానికే అంటుకుని ఉంటాయి. వాటి పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, బాణం మొన ఆకారంలో ఉండి, ఐదూ ఒకదానికొకటి ఆనుకుని గోపురంగా నిలబడతాయి. ఒక్కో పరాగకోశం కొన నుంచి నూగున్న పొడవాటి తోక బయల్దేరుతుంది. ఐదు తోకలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని పువ్వు నోటి దాకా వస్తాయి. బయటి నుంచి చూసినప్పుడు గొంతులో కనిపించే నూలుపోగులు ఇవే, చాలామంది వీటినే కీలాగ్రం, అంటే పువ్వులోని ఆడభాగం కొన, అనుకుంటారు. అసలు కీలాగ్రం గోపురం లోపల ఉంది. సూదితో ఒక పరాగకోశాన్ని పక్కకు లాగితే ఊడిరాదు, లోపల కీలాగ్రానికి అతుక్కుని ఉంటుంది. ఆ అతుకు భూతద్దం కింద చూడండి, వర్గీకరణకు అది తాళంచెవి. ఇంకా అడుగున అండాశయం. దాంట్లో ఫలదళాలు, అంటే కాయలుగా మారే భాగాలు, రెండు; కింద విడివిడిగా ఉండి పైన ఒకే కీలంతో, అంటే కీలాగ్రాన్ని మోసే కాడతో, కలుస్తాయి.

పుప్పొడి ఈ గోపురం లోపల రాలుతుంది, దాన్ని అందుకునే భాగం కీలాగ్రం కింది అంచున ఉంటుంది. పొడవాటి నాలుక ఉన్న పురుగు పరాగకోశాల సందుల్లోంచి నాలుక పెడితే తప్ప పని జరగదు. మిద్దె మీద మొక్క ఏళ్ళ తరబడి పూసినా కాయ కాయలేదని అడిగేవాళ్ళకు ఇదే జవాబు. వర్ణన పూర్తి కావాలంటే కాయ కావాలి, కాబట్టి మనమే చేయాలి. ఒక పువ్వు గొట్టంలో ఒక పక్కను చించి, గోపురంలోని పుప్పొడిని సన్నటి కుంచె మొనకు ఎత్తుకోండి. వేరే మొక్క పువ్వును అట్లాగే చించి, రెండు పరాగకోశాల మధ్య సందులో అడుగు దాకా కుంచె దూర్చండి. అదే మొక్క పుప్పొడి అయితే కాయ పట్టడం కష్టం, వేరే మొక్కదైతేనే మేలు.

కాయ పట్టిందంటే జంటగా వస్తుంది. ఒక్క పువ్వు నుంచి రెండు పొడవాటి కాయలు ఒకదానికొకటి ఎడంగా విచ్చుకుని పెరుగుతాయి. గన్నేరులో ఈ రెండూ పండేదాకా అతుక్కునే ఉంటాయి. ఎండాక ఒకే గీత వెంబడి పగులుతుంది, అందుకే ఏకవిదారక ఫలం. పగలకముందే కాయ చుట్టూ దారం కట్టండి, లేకపోతే గింజలు ఎదురింటి మిద్దె మీద మొలుస్తాయి. గింజ సన్నగా, పొడుగ్గా, సెంటీమీటరు దాటి ఉంటుంది. దానికి రెండు కొనలా పట్టులాంటి వెంట్రుకల కుచ్చులు ఉంటాయి. గాలికి అది ఇరుసుకు రెండు చక్రాలు తొడిగినట్టు నేల మీద దొర్లిపోతుంది. గన్నేరు గింజకు, జిల్లేడు గింజకు కుచ్చు ఒక కొనకే.

వర్ణన అయ్యాకే వర్గీకరణ. రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని పై మెట్టు నుంచి దిగాలి. పాలు లేదా రసం కారే మొక్క, రేకులు కలిసి మొగ్గలో మెలితిరిగినవి, కేసరాలు కీలాగ్రం చుట్టూ చేరినవి, ఫలదళాలు రెండు. ఇవన్నీ కలిస్తే అపోసైనేసీ కుటుంబం. ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త జ్యూస్యూ 1789లో పెట్టిన కుటుంబం ఇది. 1810లో రాబర్ట్ బ్రౌన్ జిల్లేడు వంటివాటిని విడదీసి ఆస్క్లెపియడేసీ అని వేరు కాపురం పెట్టించాడు. నేను చదువుకున్న బెంథామ్, హుకర్‌ల పాత వర్గీకరణ పద్ధతిలో రెండూ వేరే. ఇప్పుడు డీఎన్ఏ చూసి రెంటినీ మళ్ళీ ఒకటి చేశారు. కాబట్టి వినాయక చవితి పత్రిలో అర్క పత్రమూ, కరవీర పత్రమూ నేటి లెక్కలో ఒక కుటుంబమే. ప్రాజెక్టులో ఏ పద్ధతి వాడారో ఒక ముక్క రాయండి, లేకపోతే పాతతరం ఎగ్జామినరు మార్కులు కోస్తాడు.

తర్వాతి మెట్టు ఉపకుటుంబం. పరాగకోశాలు కీలాగ్రానికి అతుక్కున్నాయా? గింజకు వెంట్రుకలున్నాయా? జిల్లేడు వంటివాటిని పక్కన పెడితే, రెంటికీ అవునంటే అపోసైనాయిడీ. నందివర్ధనం, బిళ్ళగన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరులలో పరాగకోశాలు విడిగానే ఉంటాయి, గింజకు కుచ్చు ఉండదు. అవి రావుల్ఫియాయిడీ. గోపురాన్ని పువ్వు కోయకుండా చూడాలనుకుంటే ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు పువ్వు చూడండి, దాంట్లో గోపురం బయటికే పొడుచుకొచ్చి ఉంటుంది. చూసి వదిలేయండి. అది శేషాచలం అడవిలో ఉంటే కొమ్మ తుంచడానికి వీల్లేదు.

అక్కడి నుంచి నీరియే తెగ. గన్నేరూ, అడీనియమూ ఇందులోనే. ఈ రెంటినీ వేరుచేసే గుర్తులన్నీ మీ కాగితం మీద ఇప్పటికే ఉన్నాయి: ఉబ్బిన మొదలు, సర్పిలంగా ఆకులు, గొంతులో కుచ్చు లేకపోవడం, ఎడమైన కాయలు, గింజకు రెండు వైపులా కుచ్చు. కాబట్టి ప్రజాతి, అంటే జాతికి పై మెట్టు, అడీనియం.

గన్నేరుతో ఈ పోలిక మొదట చూసింది పీటర్ ఫోర్స్‌కాల్. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు, డెన్మార్క్ రాజు పంపిన బృందంతో యెమెన్ పోయి 1763లో అక్కడే మలేరియాతో చనిపోయాడు. ఆ బృందంలో ప్రాణాలతో తిరిగొచ్చిన ఒకే ఒక్కడు కార్స్టెన్ నీబూర్, ఫోర్స్‌కాల్ రాతలను 1775లో అచ్చు వేయించాడు. అందులో ఈ మొక్క పేరు నీరియం ఒబేసం, అంటే గన్నేరు ప్రజాతిలోనే పెట్టాడు. 1819లో రోమర్, షుల్టెస్ దాన్ని అడీనియం ప్రజాతికి మార్చారు. అందుకే పూర్తి పేరు "అడీనియం ఒబేసం (ఫోర్స్‌క్.) రోమ్. & షుల్ట్." అని రాస్తారు. బ్రాకెట్లో ఉన్నవాడు మొదట పేరు పెట్టినవాడు, బయట ఉన్నవాళ్ళు ఇప్పుడున్న చోటికి మార్చినవాళ్ళు. బ్రాకెట్ మరిచిపోతే ఫోర్స్‌కాల్ శ్రమ కొట్టేసినట్టే.

జాతి దగ్గర మాత్రం తొందరపడకండి. 1888లో బాల్ఫర్ అరేబికం, సోమాలెన్స్ అని ఇంకో రెండు జాతులు చెప్పాడు. కొందరు వాటిని విడిగా ఉంచుతారు, కొందరు ఒబేసంలోనే కలిపేస్తారు. ఆకు వెడల్పు, నూగు, గొంతులో గీతలు, తోకల పొడవు, ఇవీ అక్కడ వాదనకొచ్చే గుర్తులు. పైగా నర్సరీ మొక్కల్లో ఎన్నో సంకరాలు. గుర్తులు ఒకదానితో ఒకటి పొసగకపోతే "అడీనియం, బహుశా సంకరం" అని రాసి ఊరుకోండి. అబద్ధపు జాతి పేరు కన్నా నిజమైన ప్రజాతి పేరు నయం.

మా మేనకోడలు చివరికి రాసిన వర్ణన ఇట్లా ఉంది: "కుండీలో పెంచిన రసభరిత పొద, 60 సెం.మీ. ఎత్తు. మొదలు ఉబ్బి, 38 సెం.మీ. చుట్టుకొలత, తొక్క బూడిద రంగు, నున్నన. రసం పలచన. ఆకులు సర్పిలం, కొమ్మ చివర దగ్గర దగ్గరగా. పత్రదళం 6–9 × 2.5–3.5 సెం.మీ., కొన వైపు వెడల్పు, కొన గుండ్రం, ములుకుతో. రెండు వైపులా నూగు లేదు. పూలు కొమ్మ చివర గుత్తిగా, ఆకులతో పాటు. ఆకర్షక పత్రావళి గరాటు, 5 సెం.మీ. అడ్డం, అంచు ముదురు గులాబీ, గొంతు తెలుపు, గీతలు మసక. కేసరాలు 5, పరాగకోశాలు కీలాగ్రానికి అతుక్కుని. తోకలు నూగుతో, గొంతు దాకా. ఫలదళాలు 2, విడిగా." చూడండి, "అందమైన" అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

నమూనా ఎండబెట్టడం దీంతో కాస్త మొండిపని. ఒంట్లో నీళ్ళుండటంతో కాగితాల మధ్య కూడా బతికే ఉండి, ఆకులన్నీ రాల్చేస్తుంది. పూలు విడిగా తీసి పెట్టి, కొమ్మను మరిగే నీళ్ళలో కాసేపు ముంచి తీయండి. తర్వాత నిలువునా చీల్చి లోపలి గుజ్జు గీకేసి, పాత పేపర్ల మధ్య బరువు కింద పెట్టి, పేపర్లు రోజూ మార్చండి. ఎండాక 42 × 29 సెంటీమీటర్ల మందపాటి షీటు మీద కుట్టాలి. లేబుల్ మీద ఊరు, తేదీ, సేకరించినవారి పేరు, సంఖ్య, ఎండితే మారిపోయే పువ్వు రంగు రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం "కుండీలో పెంచినది" అన్న మాట. అది లేకపోతే, ఎప్పుడో ఎవరో ఆ షీటు చూసి తిరుపతి కొండల్లో అడీనియం దానంతటదే పెరుగుతోందని రాసేస్తారు.

ఎస్వీ యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలో హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు, ఉంది, అడిగి పోయి ఒకసారి షీట్లు ఎట్లా కుట్టారో చూసిరండి. మీ షీటును ఎక్కడికి తీసుకుపోయినా ముందు పురుగు చావడానికి పాలిథిన్ కవర్లో గట్టిగా చుట్టి కొన్నాళ్ళు డీప్ ఫ్రీజర్లో ఉంచాలి. ఇంటి ఫ్రిజ్జు వాడకండి. తప్పదంటే కవరు మీద ఎర్ర పెన్నుతో "విషం" అని పెద్దగా రాసి, ఇంట్లో వంట చేసేవాళ్ళకు ముందే చెప్పి పెట్టండి.